ఇంటికుక్కతోడి చెలిమి

పెంపుడుజంతువును గూర్చి వ్యాసము వ్రాయుఁడని తరగతిలో మేమెప్పు డడిగినను, విద్యార్థులలో ఎక్కువమంది కుక్కను గూర్చియే వ్రాయుదురు. వారి మొదటి వాక్యము మాకుఁ గంఠస్థమైపోయినది: కుక్క విశ్వాసముగల జంతువు. ఈ మాట నిజమే. కాని ఆ వ్యాసములను దిద్దునపుడెల్ల మాకొక ప్రశ్న తోఁచుచుండును. కుక్క విశ్వాసము సరియే. దానిని బెంచు బాలుని విశ్వాసమెట్టిది? దానినిగూర్చి యెవ్వరును ఒక్క వాక్యమైన వ్రాయరేల?

చెలిమి యనునది ఇరువురిది. కుక్క తన వంతును తొలినాఁడే యిచ్చివేయును. కడపటి దినమువఱకు దానిని మార్చుకొనదు. బాలుని వంతు మాత్రము ఏఁటేఁటఁ బెరుగవలసి యున్నది. అది పెరుగు విధమును ఈ పాఠమునందు విచారింతము.

ఈ చెలిమి మిక్కిలి ప్రాచీనమైనది. 1914వ సంవత్సరమున జర్మనీదేశములో బాన్ నగరమునకుఁ జేరిన ఒబర్‌కాసెల్ అను చోట, రాళ్లు త్రవ్వు కూలీలకు ఒక పురాతన సమాధి కనఁబడినది. అందొక పురుషుని యెముకలు, ఒక స్త్రీ యెముకలు, వానితోఁ గూడ ఒక కుక్క యెముకలును ఉండెను. అది సుమారు 14,000 ఏండ్లనాఁటి సమాధియని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ కుక్క పండ్లను మరలఁ బరీక్షించి 2018లోఁ బ్రకటించిన విషయము మఱింత వింతయైనది. అది యించుమించు ఏడు నెలల పిల్ల. డిస్టెంపర్ అను తీవ్రమైన వ్యాధిచేత అది పలుమాఱులు పడి లేచినది. ఎవరో దానికి వెచ్చదన మిచ్చి, నీరు త్రాగించి, శుభ్రముగా నుంచకపోయినయెడల అన్ని వారములు బ్రదికియుండదని పరీక్షకుల యభిప్రాయము. జబ్బుపడిన పిల్ల వేఁటకుఁ బనికిరాదు, కాపలాకుఁ బనికిరాదు. అట్టిదానికి సేవచేసిరనఁగా, ప్రయోజనమునకు మించినది యేదో వారిమధ్య నుండెనని మనము గ్రహింపవచ్చును.

మన తెలుఁగున ఆదికావ్యమైన నన్నయ భారతమునందు సయితము కథారంభముననే ఒక కుక్కపిల్ల యున్నది. జనమేజయ మహారాజు యాగము చేయుచుండఁగా, సరమ యను దేవశునకముయొక్క బిడ్డ ఆడుకొనుచు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని గొట్టిరి. అది యేడ్చుచుఁ దల్లికడకుఁ బోయెను. తల్లి వచ్చి, తప్పుచేయని నా బిడ్డ నేల కొట్టితిరని యడిగి, మంచిచెడ్డ లాలోచింపక బలహీనులకుఁ గీడుచేయువారికి ఊహింపని భయములు వచ్చిపడునని హెచ్చరించి పోయెను. అంతటి రాజు ఆ మాటకుఁ గలఁతపడెను.

సరమ మాటయందుఁ గల సత్యమును నేఁటి శాస్త్రము వేఱొక తీరునఁ జెప్పుచున్నది. కుక్కపిల్లకుఁ బుట్టిన సుమారు రెండు వారములకుఁ గన్నులు తెఱచుకొనును. మూఁడవ వారము మొదలుకొని పండ్రెండు, పదునాలుగు వారములవఱకు అది లోకమును నేర్చుకొను కాలము. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను నిరువురు శాస్త్రజ్ఞులు చాలకాలము కుక్కలను బెంచి పరిశీలించి, 1965లోఁ బ్రకటించిన గ్రంథమున ఈ సంగతిని విశదపఱచిరి. ఆ దినములలో మనుష్యుల చేతి మెత్తఁదనము నెఱిఁగిన పిల్ల మనుష్యులను నమ్మును. ఎఱుఁగనిది పెద్దదైన పిమ్మటఁ గూడ బెదరుచుండును. బెదరిన కుక్కయే తఱచుగాఁ గఱచును. వీథిమూలనున్న కుక్కపిల్లపై రాయి విసరు బాలుఁడు, రేపు తన చెల్లెలిని గఱచు కుక్కను తానే తయారుచేయుచున్నాఁడని మఱవరాదు.

చెలిమిలో మొదటి దశ పసితనము. రెండు మూఁడేండ్ల బిడ్డకుఁ గుక్క యొక కదలెడి బొమ్మ. తోఁక పట్టుకొని లాగును, చెవిలో వ్రేలు పెట్టును. అయినను ఆ వయస్సుననే దయ మొలకెత్తును. కంచెకు ఆవలనున్న తిండి నందుకొనలేక తపించు కుక్కను జూచి, ఎవ్వరును జెప్పకయే దాని కందిచ్చు పసిపిల్లలు పలువురు కలరని 2023లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ కుక్కలు వారి యింటివి కావు, క్రొత్తవి. కాని దయ పుట్టినంత త్వరగాఁ దెలివి పుట్టదు. కోపముతోఁ బండ్లు బయటఁబెట్టిన కుక్కను జూచి, అది నవ్వుచున్నదని చిన్నపిల్లలు పొరపడుదురని ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయమువారు పిల్లలను బరీక్షించి కనుఁగొనిరి. కావునఁ బసిబిడ్డను గుక్కతో ఒంటరిగా విడువరాదు. అన్నము తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలకుఁ బాలిచ్చుచున్న కుక్కను దాఁకనీయరాదు. కుక్క మొగము ప్రక్కకుఁ ద్రిప్పుకొనుట, తోఁక ముడుచుకొనుట, ఒడలు బిగపట్టుట, ఇవి యన్నియు నన్ను విడువుమని వేఁడుటయే. ఈ దశలో బాలుని వంతు చెలిమిని బెద్దలే నిర్వహింపవలయును.

రెండవ దశ ఆటయు అధికారమును. బడికిఁ బోవు బాలునికి ఇంటిలో అందఱును బెద్దలే. నాయనగారు, అమ్మ, తాతగారు, అన్న, అక్క, అందఱును ఆజ్ఞాపించువారే. వాఁడు ఆజ్ఞాపింపఁదగినది కుక్క యొక్కటియే. రమ్మనును, పొమ్మనును, తాను నేర్చినదెల్ల దానికి నేర్పఁజూచును.

హెలెన్ కెల్లర్ చరిత్రమును మీలోఁ బలువురు చదివియుందురు. ఆమె 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున టస్కంబియా అను పట్టణమునఁ బుట్టి, పందొమ్మిది నెలల ప్రాయమున జబ్బుచేసి చూపును, వినికిడిని గోల్పోయినది. బెల్ అను ముసలి వేఁటకుక్క ఆమెకు నిత్యము తోడుగా నుండెడిది. తాను గల్పించుకొన్న సైగలను దానికి నేర్పవలెనని ఆమె పాటుపడినది; కుక్క పట్టించుకొనలేదు. 1887 మార్చి నెలలో ఆన్ సలివన్ అను ఉపాధ్యాయిని వచ్చి, అరచేతిలో వ్రేళ్లతో అక్షరములు గుఱుతుచేసి మాటలు నేర్ప నారంభించెను. కొలఁదిదినములకే ఒకనాఁడు హెలెన్ బెల్ పంజాను బట్టుకొని యేమో చేయుచుండెను. ఉపాధ్యాయిని పరికించి చూచునప్పటికి, తనకు నేర్పిన బొమ్మ యను మాటలోని యక్షరములను ఆ బాలిక కుక్కగోళ్లతోఁ జేయించుచుండెను! అప్పటికి ఆ మాటల యర్థము ఆమెకే బోధపడలేదు. అయినను తనకు దొరకినదానిని తన కుక్కకుఁ గూడ నీయఁజూచినది. అధికారమునుండి చెలిమి వేఱుపడుట ఇచ్చటనే. ఆజ్ఞాపించుటకు నేర్పుట అధికారము. తనకుఁ గలిగినది దానికిని గలుగవలెనని నేర్పుట చెలిమి.

మూఁడవ దశ బాధ్యత. ఇచ్చట మేము మా విద్యార్థులను గొంచెము నిందింపక తప్పదు. కుక్కపిల్ల వచ్చిన మొదటి వారమున దాని గిన్నె కడుగుటకు ముగ్గురు పిల్లలు పోటీపడుదురు. మూఁడవ నెలకు ఆ పని యమ్మమీఁదఁ బడును. ఆటకు సమయము కలదు, ఆఁకలికి లేదు. కుక్కకు వేళకు అన్నము, ఎల్లప్పుడును మంచినీరు కావలయును. మనవలె ఒడలెల్లఁ జెమర్చి చల్లఁబడు శక్తి దానికి లేదు. నాలుక చాఁచి రొప్పుటచేతనే వేఁడిమిని బోఁగొట్టుకొనును. కావున మన వేసవిలో నీడయు నీరును దానికిఁ బ్రాణములు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాకొలెట్ దానికి విషతుల్యములు. వండిన కోడియెముకలు చీలి గొంతునఁ గ్రుచ్చుకొనును.

ఈ బాధ్యతలలో ముఖ్యమైనది టీకా. కుక్కకాటువలన వచ్చు రేబిస్ వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప రోగి బ్రదుకుట మిక్కిలి యరుదు. 1885 జూలై 6వ తేదీన ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుఁడు లూయీ పాస్టర్ తన టీకాను మొట్టమొదట వేయించినది, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికే. ఆ బాలుఁడు బ్రదికెను. మన దక్షిణదేశమున ఈ చికిత్సకై కూనూరులోఁ బాస్టర్ సంస్థ 1907లో నెలకొనెను. ఇన్నేండ్లు గడచినను మన దేశమున ఈ వ్యాధిచేఁ బిల్లలు చనిపోవుచునే యున్నారు. అందుకొక కారణము భయము. కుక్కతో నేల ఆడితివని పెద్దలు కొట్టుదురేమోయని బాలుఁడు కాటును దాఁచును. తల్లిదండ్రులారా, కాటును జెప్పిన బిడ్డను దండింపకుఁడు. విద్యార్థులారా, చిన్న గీఁత పడినను దాఁపకుఁడు. పుండును సబ్బుతో, ధారగాఁబడు నీటితోఁ బదునైదు నిమిషములు కడిగి, పసుపు, కారము, సున్నము మొదలగునవి పూయక, వెంటనే వైద్యునియొద్దకుఁ బోవలయును. పెంపుడుకుక్కకు ఏఁటేఁట టీకా వేయించుట దానియెడలను, ఇరుగుపొరుగు బిడ్డలయెడలను మనకుఁ గల ధర్మము.

నాలుగవ దశ వార్ధకము. బాలునిది గాదు, కుక్కది. ఆఱేండ్ల బాలునికిఁ దెచ్చిన పిల్ల, వానికిఁ బదునాఱేండ్లు వచ్చునప్పటికి ముసలిదగును. లాబ్రడార్ జాతి కుక్కల జీవకణములను బరీక్షించి, ఏఁడాది కుక్క ఒడలు ముప్పదియేండ్ల మనుష్యుని యొడలికి, నాలుగేండ్లది యేఁబదినాలుగేండ్ల మనుష్యునికి సాటియని అమెరికా శాస్త్రజ్ఞులు 2020లో లెక్కవేసిరి. తమ్మునివలె ఇల్లు చొచ్చినది స్వల్పకాలములో ఈడువాఁడై, అన్నయై, తాతయై పోవును. బాలుఁ డింకను బాలుఁడుగానే యుండును.

మా వసతిగృహమున నుండు బాలురు సెలవులు ముగిసి తిరిగివచ్చి, మా కుక్క మమ్ము మఱచినదండీ, ఎదురు రాలేదని చెప్పుట మేమెఱుఁగుదుము. నాయనలారా, అది మఱవలేదు. దాని చెవి మందగించినది, చూపు మసకబాఱినది, కీళ్లు పట్టినవి. ఇన్నేండ్లు అది మీకు ఎదురువచ్చినది. ఇఁక మీరే దానికి ఎదురు పోవలయును. దగ్గఱఁ గూర్చుండి చేయి దాని ముక్కునొద్ద నుంచుఁడు. వాసనచేత మిమ్ము గుర్తించి, అది మెల్లగాఁ దోఁక నాడించును. ముసలిదైన కుక్కను బండిలో వేసికొని ఊరవతల విడిచివచ్చు ఇండ్లును గలవు. ఆ యింటి బిడ్డలు ఆ దినమున నేర్చు పాఠము ఏ పుస్తకముచేతను దిద్దఁబడదు. తల్లిదండ్రులు దీనిని యోచింతురుగాక.

కడపటి దశ యెడబాటు. దీనికిని హెలెన్ చరిత్రమే మనకుఁ బాఠము. ఆమెకు విలియం వేడ్ అను పెద్దమనుష్యుఁడు లయొనెస్ అను గొప్ప మాస్టిఫ్ జాతి కుక్కను బహూకరించెను. హెలెనునకుఁ బదియేండ్ల ప్రాయమున, వెలుపలఁ దిరుగుచున్న ఆ కుక్కను ఒక రక్షకభటుఁడు కాల్చి చంపెను. చంపినవారు అదెంత మంచిదో యెఱుఁగకపోయిరనియే ఆమె చెప్పినది, పగ పూనలేదు. ఈ వార్త పత్రికలలోఁ బడఁగా, మఱియొక కుక్కను గొనిపెట్టుదుమని అమెరికానుండియు, ఇంగ్లండునుండియు దయాళువులు ధనము పంపఁ జొచ్చిరి. హెలెన్ ఆ ధనముతోఁ గుక్కను గొనవలదనెను. పెన్సిల్వేనియాలో టామీ స్ట్రింగర్ అను బాలుఁడు తనవలెనే చూపును, వినికిడియును లేనివాఁడు. తల్లి చనిపోయినది, తండ్రి బీదవాఁడు. ఆ బాలుని చదువునకు ఈ ధనము నిండని కోరి, పత్రికలకును, పరిచితులకును దానే యుత్తరములు వ్రాసినది. ప్రసిద్ధ చిత్రకారుఁడు జాన్ ఎవరెట్ మిలే ఇంగ్లండునుండి ధనము పంపినవారిలో నొకఁడు. 1891లో, ఐదేండ్లయిన నిండని టామీని బాస్టనులోని అంధబాలుర పాఠశాలలోఁ జేర్చిరి. వాఁడు మాటలు నేర్చెను, చదువు నేర్చెను, వడ్రంగమున నేర్పరియయ్యెను.

బెల్ పంజాను బట్టుకొని అక్షరములు చేయింపఁజూచిన చేయియే, నాలుగేండ్లకు ఆ యుత్తరములను వ్రాసినది. ఆ నడుమఁ బెరిగినది బాలిక; ఆమెను బెంచినవారిలోఁ గుక్కలును గలవు.

కావున విద్యార్థులారా, ఇఁక వ్యాసము వ్రాయునపుడు, కుక్క విశ్వాసముగల జంతువని మొదటి వాక్యము వ్రాయుఁడు, మాకభ్యంతరము లేదు. రెండవ వాక్యమున మాత్రము, నేఁటి యుదయమున దాని గిన్నెలో నీరు ఎవరు పోసిరో వ్రాయుఁడు. ఆ వాక్యమును మేము మొదట చదివెదము.