చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

మొదటి జీతంతో కొవ్వు శాతం చూపించే బరువు మిషన్ కొన్నావని, పొద్దున 28 చూపించింది సాయంత్రానికి 26 చూపిస్తోందని దిగులు పడుతున్నావని అమ్మ చెప్పింది. కొన్నది మంచి వస్తువేనమ్మా, దిగులే అక్కర్లేదు.

అది కొవ్వును నేరుగా చూడలేదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మనకు తెలియనంత సన్నని కరెంటు పంపి, దారిలో ఎంత అడ్డు తగిలిందో కొలుస్తుంది. నీరెక్కువుండే కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో అంత సులువుగా పోదు. దానికి నువ్విచ్చిన వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి కలిపి ఒక అంచనా కడుతుంది. రాత్రంతా నీళ్లు తాగని ఒంట్లో కొవ్వు ఎక్కువున్నట్టు చూపడం, నెలసరికి ముందు నీరు చేరి బరువు పెరగడం మామూలే. అందుకే రోజూ లేచి, బాత్‌రూముకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందే ఎక్కు. వారం సగటు రాసుకుని, దాన్ని పోయిన నెలతో పోల్చుకో. ఆడవాళ్లకు కొవ్వు శాతం మగవాళ్లకంటే ఎక్కువుండటం ప్రకృతి, తమ్ముడి అంకెతో పోల్చుకోకు.

సన్నగా ఉన్నాం కదా అని మనవాళ్లు ఈ కొవ్వు శాతాన్ని పట్టించుకోరు. 2004లో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టరు జాన్ యుడ్కిన్ లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి లెక్కలే పక్కపక్కన పెట్టారు: ఎత్తూ బరువూ కలిపి కట్టే బీఎంఐ ఇద్దరిదీ 22.3, కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. చూపుకి సన్నగా ఉన్న మన ఒంట్లోనూ కొవ్వు దాగి ఉంటుందని అప్పట్నుంచీ క్లాసులో పిల్లలకు చెబుతూనే ఉండేదాన్ని.

మన బాత్‌రూములు ఎప్పుడూ తడేగా, మిషన్‌ని గదిలోనే చాప లేని గట్టి నేల మీద ఉంచు. చోటు మార్చినప్పుడు ఒకసారి ఎక్కి దిగి, సున్నా వచ్చాకే మళ్లీ ఎక్కు. పాదాలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. నీళ్లు పోసి కడగకు, పిండిన గుడ్డతో పాదాలు ఆనే రేకుల్ని తుడువు, ఊరొచ్చి ఎక్కువ రోజులుండేటప్పుడు బ్యాటరీలు తీసి పెట్టు.

నువ్వు ఆరో తరగతిలో ఉండగా మన బడికి డాక్టర్లొచ్చి బరువులు చూస్తూ ఒక పిల్ల అంకె పైకి చదివితే అందరూ నవ్వారు, నువ్వు మాత్రం వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని చేతిలో ఉన్న జామకాయలో సగం పెట్టావు, వరండాలోంచి చూస్తున్న నాకు ఆ పూట పాఠం చెప్పడానికి గొంతు పెగల్లేదు. నీ రూమ్మేట్లు మిషన్ ఎక్కితే వాళ్ల అంకె వైపు చూడని మర్యాద నీకు ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ తల్లీ, ఆ పిల్లకిచ్చిన ఆదరణ నీ ఒంటికీ ఇవ్వు: అంకె పెరిగిందని రాత్రి అన్నం మానేసి పడుకోకు, అద్దం ముందు నిన్ను నువ్వు తిట్టుకోకు.

సంక్రాంతికి మిషన్ తెస్తే తాతయ్యను మాత్రం ఎక్కనివ్వకు, ఆయనకు పేస్‌మేకర్ ఉంది, ఆ కరెంటు పనికిరాదు. అడిగితే ఇంట్లో ఉన్న ముల్లు కాటా చూపిద్దాం. టికెట్టు ముందే తీసుకో, పండగ రద్దీలో నిలబడి రావద్దు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ