చాయ్‌లో ‘చ’, చాపలో ‘చ’

అద్దం ముందు నిలబడి ‘చాప’ అనండి. తరవాత ‘చేప’ అనండి. నాలుక ఎక్కడ తగులుతోందో గమనించారా? చాప అన్నప్పుడు నాలుక కొన పైపళ్ల వెనక తగులుతుంది. చేప అన్నప్పుడు కాస్త వెనక్కు జరిగి అంగుడిని తాకుతుంది. రాసే అక్షరం ఒకటే, పలికే ధ్వనులు రెండు. మొదటిదాన్ని దంత్య చకారమనీ, రెండోదాన్ని తాలవ్య చకారమనీ మన వ్యాకరణాలు ఎప్పుడో విడదీశాయి. పాత పుస్తకాలలో దంత్యాన్ని ‘ౘ’ అని ప్రత్యేకంగా అచ్చువేసేవారు కూడా.

మరి రెండు ధ్వనులు ఉండగా ఒక్క అక్షరంతో మనకు ఇన్నాళ్లూ ఎలా గడిచింది? దీనికి జవాబు చెప్పే పద్ధతిని తీర్చిదిద్దిన వాళ్లలో ముఖ్యుడు ఒక రష్యన్ పండితుడు. పేరు నికొలాయ్ త్రుబెత్స్కోయ్. ఆ పేరు పలకలేక అవస్థ పడుతున్నారా? అందులోని ‘త్స్’ మన చాపలోని చకారమే. భయం లేదు.

త్రుబెత్స్కోయ్ 1890లో మాస్కోలో పుట్టాడు. తండ్రి తత్వశాస్త్ర పండితుడు, మాస్కో విశ్వవిద్యాలయానికి అధిపతిగా కూడా ఎన్నికయ్యాడు. కుర్రవాడు 1905లో, అంటే పదిహేనేళ్ల వయసులో, ఒక ఫిన్నిష్ జానపద గీతం గురించి వ్యాసం రాసి పరిశోధన పత్రికలో అచ్చువేయించాడు. మీరు పదో తరగతి చదివే వయసన్నమాట! సైబీరియా భాషలు తెలిసిన బొగొరాజ్ అనే పెద్ద పండితుడితో ఆ రోజుల్లోనే ఉత్తరాలు నడిపాడు. తనకు ఉత్తరాలు రాస్తున్న విద్వాంసుడు ఇంకా మీసాలు రాని పిల్లవాడని తెలిసి ఆ పెద్దమనిషి కొంత నొచ్చుకున్నాడట.

తరవాత ఆయన కాకసస్ కొండల ప్రాంతానికి వెళ్లి చెర్కెస్ భాష నేర్చుకున్నాడు. అది విచిత్రమైన భాష. అచ్చులు రెండో మూడో, హల్లులు యాభైకి అటూ ఇటూ. ఇన్ని ధ్వనుల్లో ఏది ముఖ్యం, ఏది కాదు అన్న ఆలోచన అలాంటి భాష విన్నవాడికి రాక తప్పదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదివివచ్చి, మాస్కోలో సంస్కృతం కూడా బోధించాడు. అంతలో 1917 విప్లవం వచ్చింది. ఆయనది రాజవంశీకుల కుటుంబం. వైద్యం కోసం కాకసస్ వెళ్లినవాడు మళ్లీ మాస్కో చూడలేదు. కాగితాలు, పుస్తకాలు ఎక్కడివక్కడ వదిలి రొస్తోవ్, ఇస్తాంబుల్, సోఫియా తిరిగి, 1922లో వియన్నా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా కుదురుకున్నాడు. స్నేహితుడు రోమన్ యాకొబ్సన్ (1896–1982) చెకొస్లవేకియాలో ఉండేవాడు. ఇద్దరూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకుంటూ, ప్రాగ్‌లోని మిత్రమండలితో కలిసి వర్ణశాస్త్రానికి రూపం ఇచ్చారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. భాషలో ఒక ధ్వని బదులు ఇంకొకటి పలికితే అర్థం మారుతుందా? అదే గీటురాయి. ‘కంప’ అనండి, ‘గంప’ అనండి. మొదటి ధ్వని ఒక్కటే మారింది. ముళ్లకొమ్మ కాస్తా బుట్ట అయింది! కాబట్టి తెలుగులో క, గ రెండు వేరువేరు వర్ణాలు. ‘నెల’, ‘నేల’ చూడండి. అచ్చు కొంచెం సాగితే ముప్పై రోజులు మట్టిగా మారిపోతాయి. అందుచేత ఎ, ఏ కూడా వేరు వర్ణాలే. ‘ఫలితం’ అన్న మాటను కొందరు పెదవులు కలిపి, కొందరు పంటితో కింది పెదవి నొక్కి పలుకుతారు. అర్థంలో తేడా ఏమైనా వచ్చిందా? రాలేదు. అక్కడ ధ్వనులు రెండైనా మనకు లెక్కలోకి వచ్చే వర్ణం ఒకటే.

మూడో రకం ఇంకా తమాషాగా ఉంటుంది. రెండు ధ్వనులు ఎప్పుడూ ఒకే చోట ఎదురుపడవు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండదు. చాప, చుక్క, చొక్కా, చలి: ఇవన్నీ దంత్యాలు. చేప, చెట్టు, చీమ, చిలక: ఇవన్నీ తాలవ్యాలు. పక్కన అ, ఆ, ఉ, ఒ ఉంటే ఒకటి. ఇ, ఈ, ఎ, ఏ ఉంటే మరొకటి. అచ్చతెలుగు మాటలన్నీ ఇంచుమించు ఇంతే. ఏ ‘చ’ పలకాలో పక్క అచ్చే చెప్పేస్తుంటే రెండో అక్షరంతో పనేముంది? ఇవి రెండూ ఒకే వర్ణానికి రెండు వేషాలు. తమిళుల లిపిలో ప, బ లకు ఒకే అక్షరం ఉండటానికి కారణం కూడా ఇలాంటిదే. వాళ్ల సొంత మాటల్లో ఎక్కడ ప వస్తుందో, ఎక్కడ బ వస్తుందో చోటును బట్టే తెలిసిపోతుంది. మనకు మాత్రం ‘పడి’ వేరు, ‘బడి’ వేరు.

ఇప్పుడు జగిత్యాల బస్టాండు దగ్గరికి రండి. హోటల్ కుర్రవాడు ‘రెండు చాయ్!’ అని కేకవేస్తాడు. జాగ్రత్తగా వినండి. పక్కన ఉన్నది ఆ. మన సూత్రం ప్రకారం చాపలో లాగా దంత్యం రావాలి. కాని అతను చేపలోని ‘చ’ పలుకుతున్నాడు! ఉర్దూ నుంచి వచ్చిన చాయ్, చాకు తమ తాలవ్యాన్ని తమతోనే తెచ్చుకున్నాయి. అంతకుముందు సంస్కృతం నుంచి వచ్చిన చంద్రుడు లాంటి మాటలూ ఇదే పని చేశాయి. అంటే ‘ఆ’ ముందు ఇప్పుడు రెండు చకారాలూ నిలబడగలుగుతున్నాయి. ఒకే వర్ణపు రెండు వేషాలు విడిపోయి రెండు వర్ణాలు అవుతున్నాయన్నమాట. రష్యన్‌లో ఈ రెంటికీ ఎప్పటినుంచో వేర్వేరు అక్షరాలు ఉన్నాయి. వాళ్ల చక్రవర్తి ‘త్సార్’ మొదట్లోది చాపలోని ధ్వని. వాళ్లు తాగే టీని ఏమంటారో తెలుసా? చాయ్ అనే!

త్రుబెత్స్కోయ్ చెప్పిన మరో సంగతి కోరుట్లలో బాగా తెలుస్తుంది. ఒక కుటుంబానికి చెందని భాషలు కూడా శతాబ్దాల తరబడి ఇరుగుపొరుగున ఉంటే ఒకదాని పోలికలు ఒకదానికి వస్తాయని ఆయన గమనించాడు. బాల్కన్ దేశాల్లో గ్రీకు, అల్బేనియన్, బల్గేరియన్, రుమేనియన్ భాషలు అలా దగ్గరయ్యాయి. ఇటువంటి భాషల గుంపుకు ఒక పేరు పెట్టి, 1928లో హేగ్ నగరంలో జరిగిన మొదటి అంతర్జాతీయ భాషాశాస్త్రజ్ఞుల సభలో నిర్వచనం ప్రతిపాదించాడు. 1956లో ఎమెనో అనే పండితుడు ఆ ఆలోచనను మన దేశానికి అన్వయించి, భారతదేశమంతా ఒక భాషామండలం అన్నాడు.

సాక్ష్యం కావాలా? ‘రేపొస్త అని చెప్పిండు’ అని మన మాట. కోరుట్లలో ఉర్దూ మాట్లాడే మీ స్నేహితుణ్ణి ఇదే చెప్పమనండి. ‘కల్ ఆతుఁ బోల్‌కే బోలా’ అనే అవకాశం ఉంది. కల్ అంటే రేపు, ఆతుఁ అంటే వస్త, బోల్‌కే అంటే అని, బోలా అంటే చెప్పిండు. మాటలన్నీ ఉర్దూవి, వరస మాత్రం మన తెలుగుది! ఢిల్లీలో అయితే ‘చెప్పాడు’ ముందు వచ్చి, చెప్పిన సంగతి తరవాత వస్తుంది. మన ‘అని’కి జవాబుగా దక్కనీ ఉర్దూ ‘బోల్‌కే’ను తయారుచేసుకుంది. చాయ్ మనకు ఇటు వచ్చింది, ‘అని’ అటు వెళ్లింది.

వియన్నాలో పరిస్థితులు చెడ్డాయి. ఒక జాతి రక్తం గొప్పది, మరో జాతి రక్తం తక్కువది అన్న నాజీల వాదాన్ని ఖండిస్తూ త్రుబెత్స్కోయ్ 1935లో వ్యాసం రాసి ఉన్నాడు. 1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాను ఆక్రమించింది. గెస్టపో పోలీసులు ఆయన ఇల్లు సోదా చేసి కాగితాలు పట్టుకుపోయారు. ఆయనది అప్పటికే బలహీనమైన గుండె. మంచం పట్టిన మనిషి తన పెద్ద పుస్తకం ‘వర్ణశాస్త్ర సూత్రాలు’ను చెబుతూ రాయించాడు. మరో ఇరవై పేజీలు మిగిలి ఉండగా, 1938 జూన్ 25న కన్నుమూశాడు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. పుస్తకం మరుసటి ఏడాది ప్రాగ్‌లో అచ్చయింది. రాజకీయాల్లో ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోనక్కరలేదు కాని, ఈ పుస్తకం చదవకుండా వర్ణాల గురించి మాట్లాడటం కష్టం.

హేగ్ సభ జరిగిన 1928లోనే ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెద్దయ్యాక ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యులయ్యారు. మాండలిక వృత్తిపదకోశం ఆయన పూనుకున్న పని. వ్యవసాయపదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతునూ నేతగాణ్ణీ అడిగి, వాళ్లు ఎలా పలికితే అలా రాసుకోవడం అందులోని పద్ధతి. ‘వచ్చాడు’ ఒప్పు, ‘వచ్చిండు’ తప్పు అని తీర్పు చెప్పడం భాషాశాస్త్రం పని కాదు. రెంటికీ సూత్రం ఉంది; ‘వచ్చిండు, చేసిండు, పోయిండు’ అనే పిల్లవాడు ఆ సూత్రాన్ని ఒక్కసారి కూడా తప్పడు.

సిరిసిల్లలో ఉన్నవారికి ఇందులో చేతినిండా పని ఉంది. పడుగు, పేక, నాడె, కండె అనే చేమగ్గం మాటలు తాతగారికి తెలుసు. ఇప్పుడు నడిచే మరమగ్గాన్ని ఊళ్లో సాంచ అంటారు. భీవండి, షోలాపూర్ వెళ్లి పనిచేసి వచ్చిన కుటుంబాలు తెచ్చిన మాటలూ ఉంటాయి. ఒక నోటుబుక్కు తీసుకుని సాంచ భాగాల పేర్లు ఒకరోజు అడిగి రాయండి. ఏ మాట ఎవరు చెప్పారో, వారి వయసెంతో పక్కన వేయండి.

చకారం కథే జకారానిది కూడా. ‘జామ’ అనండి, ‘జాగ’ అనండి. మీ ఇంట్లో అమ్మమ్మ చేతా, తమ్ముడి చేతా కూడా అనిపించండి. జాడ, జాతర, జాబు, జొన్న, జీతం, జేబు: ఈ ఆరింటిలో ఎవరు దేన్ని దంత్యంగా పలికారో పట్టిక వేయండి. ఇద్దరి పట్టికలూ ఒక్కలా రాకపోతే కంగారుపడి దిద్దకండి. అలాగే ఉంచి, తేడా ఏ మాట దగ్గర వచ్చిందో గుర్తుపెట్టండి.