ముందు నోటుబుక్కు, తర్వాతే కొడవలి

బుజ్జీ,

స్నేహితులను వెంటేసుకుని మీ ఊరి గొలుసుకట్టు చెరువుల వివరాలు రాస్తున్నావని తెలిసి సంతోషించాను. కానీ మొదటి ఆదివారమే తూము దగ్గర పొదలు కొట్టేస్తామన్నావే, అది నచ్చలేదు. శ్రమదానానికి వచ్చిన పిల్లల చేతులు ఊరికే ఉండవు. వేర్లు పీకితే పాత రాతికట్టూ కదులుతుంది, ఏ రాయి ఎక్కడుండేదో తర్వాత చెప్పేవాడుండడు. ముందు కొలవండి, ఫొటోలు తీయండి, రాయండి.

కట్ట ఒక్కటే చెరువు కాదు. నీళ్లు ఏ వాగున వచ్చాయి, మత్తడి దూకి ఏ చెరువులో కలిశాయి, తూము కింద ముందు ఎవరి మడి తడుస్తుంది, ఇవన్నీ రాయాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చదువు. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసిన లెక్కా అందులో ఉంది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలూ ఉన్నాయి, ఆరు దోషాలూ ఉన్నాయి. నీళ్లు కొంచెమై ఆయకట్టు ఎక్కువైనా దోషమే, నీళ్లు ఎక్కువై ఆయకట్టు చాలకపోయినా దోషమే. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటమూ దోషమేనట. నీటి తగాదాలు ఇప్పటివి కావు మరి!

కట్ట మీద శాసనం కనిపిస్తే అక్షరాలు తేలడానికి సుద్ద రుద్దొద్దు, నూనె పూయొద్దు. పొద్దు వాలేవేళ ఎండ ఏటవాలుగా పడుతుంది, చెరిగిన గీతలు కూడా నీడతో లేచి కనబడతాయి. రాయి పక్కన స్కేలు పెట్టి ఎదురుగా ఒక ఫొటో, కట్టంతా వచ్చేట్టు దూరం నుంచి ఇంకొకటి తియ్యి. కాగితంతో అచ్చు తీసే పని మాత్రం నేర్చినవాళ్లకు వదిలెయ్.

తూము ఎత్తి నీళ్లు వదిలే నీరటి పని చేసిన పెద్దాయన ఉంటే కుర్చీ వేసి ప్రశ్నలు అడగొద్దు. ఆయనతో కట్ట మీద నడువు. అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్లో రికార్డు చెయ్. తూము ఎంత ఎత్తితే ఏ పొలందాకా పారేదో నడుస్తుంటేనే గుర్తుకొస్తుంది. చెరువు లోపలి శిఖం భూమిని ఎవరు దున్నుతున్నారన్న పంచాయితీలోకి మాత్రం దిగకండి. నీళ్లు ఎక్కడిదాకా నిలిచేవో గుర్తుపెట్టుకుంటే చాలు.

అన్నీ ఫోన్లలోనే ఉంచుకోవద్దు. ఒక ప్రతి గ్రామపంచాయతీకి, ఒకటి కాలేజీ లైబ్రరీకి ఇవ్వు. మత్తడి దూకే రోజుల్లో నేనొస్తాను. మీ దగ్గరున్న టేపు పొట్టిదన్నావు కదా, పొడుగుది తెస్తాను. అక్కకూ బావకూ అడిగానని చెప్పు.

మామయ్య