మెదడునకు శిక్షణము: యంత్రమును, అవధానమును

గడచిన దసరా సెలవులకు ముందు కోసిగి ప్రాంతమునుండి యొక తండ్రి మా పాఠశాలకు వచ్చెను. ఆయన కుమారుడు పదవ తరగతి విద్యార్థి. ఆయన చేత నొక రంగుల కాగితముండెను. పట్టణమున నొకచోట బాలుర తలలకు తీగలు తగిలించి, మెదడు పనిచేయు తీరును తెరపై చూపి, చదువునందు చురుకుదనము గలిగింతురని యందు వ్రాయబడియున్నది. “సార్, ఆదోనిలో పత్తి అమ్మిన దుడ్డు ఉండాది. ఈ మిషను పెట్టిస్తే మావోనికి చదువు వస్తాదా?” అని యడిగెను. ఒక యేటి కష్టార్జితమును గూర్చిన ప్రశ్న యది. నేను వెంటనే బదులు చెప్పలేక, ఆదివారము వరకు గడువు కోరితిని. ఆ గడువులో నేను చదివినదియు, తలపోసినదియు నిచట వ్రాయుచున్నాను.

మన మెదడు ఇంచుమించు 1,400 గ్రాముల బరువుండును. అది దేహపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను మనము ఊరక కూర్చున్నప్పుడు దేహము వెచ్చించు శక్తిలో నూటికి 20 పాళ్లు దానికే చెల్లును. నాడీకణములు విద్యుత్సంకేతములచే నొకదానితో నొకటి వ్యవహరించును. జర్మనీ దేశమున యేనా పట్టణపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మానవుని తలపైనుండి యా విద్యుత్తును మొదటిసారి నమోదుచేసి, 1929లో లోకమునకు ప్రకటించెను. కన్నులు మూసికొని నెమ్మదిగా నున్నవానికి సెకనుకు 8 మొదలు 13 వరకు నలలు లేచును. వీనికి ఆల్ఫా యని పేరు. కన్నులు తెరచి లెక్క చేయనారంభించినచో నవి యణగి, అంతకంటె వేగముగల బీటా యలలు కానవచ్చును.

ఈ యలలను అప్పటికప్పుడే మనిషికి చూపి, వానిని తానే మార్చుకొనుట నేర్పు పద్ధతికే న్యూరోఫీడ్‌బ్యాక్ అని పేరు. 1950 తరువాతి దశాబ్దపు చివరి యేండ్లలో చికాగోలో జో కామియా యను పండితుడు, గంట మ్రోగినప్పుడు తనకు ఆల్ఫా యున్నదో లేదో చెప్పుమని యొక్కొక్కరి నడిగి, వారి యుత్తరము తప్పో యొప్పో వెంటనే తెలుపుచు వచ్చెను. కొన్ని దినములకు పలువురు సరిగా చెప్పగలిగిరి. లోపలి స్థితిని గుర్తించుట యభ్యాసమువలన వచ్చునని దీనివలన తేలెను. ఇది వింతయే, నిజమును.

అయితే చదువు మాట వేఱు. ఏకాగ్రత నిలువని వ్యాధిగల 144 మంది బాలబాలికలపై అమెరికాలో జరిగిన పరీక్షాఫలితము 2021లో వెలువడినది. కొందరికి తమ మెదడు అలలనే చూపిరి; మఱికొందరికి ముందే నమోదుచేసిన వేఱొకరి యలలు చూపిరి. ఎవరికేది చూపినదియు పిల్లలకుగాని తల్లిదండ్రులకుగాని తెలియనీయలేదు. రెండు తెగలవారును మెఱుగుపడిరి. కాని తమ యలలను చూచినవారు రెండవ తెగవారికంటె మిన్న కాలేదు. నియమముగా వచ్చి కూర్చుండుట, పెద్దలు ప్రక్కనుండి ప్రోత్సహించుట, ఇవియే యెక్కువ పనిచేసి యుండునని నా యూహ.

ఇది చదువుచుండగా నాకు మన సీమలోని ప్రొద్దుటూరు జ్ఞప్తికి వచ్చినది. దుర్భాక రాజశేఖర శతావధానిగారును (1888–1957), గడియారము వేంకటశేషశాస్త్రిగారును ఆ యూరివారే. అష్టావధానమును చూడని పిల్లలకొఱకు కొంత చెప్పెదను. ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టి కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నాలుగు పదములిచ్చి వానితో పద్యము చెప్పుమందురు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని వేయబోవు అక్షరమును కనిపెట్టి, అది కూడదని యడ్డగించును. ఒకవైపు గంట మ్రోగుచుండును. దెబ్బలెన్నో లెక్క తప్పరాదు. నడుమ నప్రస్తుత ప్రసంగి హాస్యములాడి మనస్సును చెదరగొట్టజూచును. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున నాలుగావృత్తులు పద్యములు సాగి, తుదకు ధారణ వచ్చును. అనగా చెప్పిన పద్యములన్నియు కాగితము లేకయే తిరిగి యప్పగింపవలెను. తప్పిన తప్పు సభలో అప్పుడే బయటపడును. ఆ యంత్రపు తెర చేయు పని యిచట పృచ్ఛకుడు చేయుచున్నాడు. పైగా యంత్రము అలను మాత్రమే చూపును. పృచ్ఛకుడు విద్యనే పరీక్షించును.

నేను శిక్షణ కళాశాలలో మఱపును గూర్చి ఎబ్బింగ్‌హౌస్ 1885లో వ్రాసిన గ్రంథము సంగతి చదివి పరీక్షలో మార్కులు సంపాదించినవాడను. అయినను తరగతిలో నేండ్ల తరబడి “పదిసార్లు చదువుడు” అనియే చెప్పితిని. తుంగభద్ర పాఠమును గ్రుక్క తిప్పక వల్లించు నొక బాలిక, ప్రశ్నను కొంచెము మార్చి యడుగగా తెల్లకాగిత మిచ్చినది. ఆ లోపము ఆమెది కాదు. సెయింట్ లూయిస్ నగరమున రోడిగర్, కార్పికీ యనువారు 2006లో ప్రకటించిన పరీక్ష నాకప్పుడు తెలియదు: మరల మరల చదివినవారు అయిదు నిమిషముల తరువాత మిన్నగా చెప్పిరి; వారము గడచిన పిమ్మట పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొన్నవారే మిన్నయైరి.

నిద్ర విషయమునను నేను తప్పితిని. రాత్రి ఒంటిగంట దాక దీపము పెట్టిన వసతిగృహపు బాలురను మెచ్చుకొంటిని. మీ యీడువారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. పగలు చదివినది మెదడులో కుదురుకొనునది నిద్రలోనే. నెత్తురు తక్కువైన పిల్లకు ఏ పాఠమును నిలువదు. సజ్జరొట్టె, ఆకుకూర, దానిపై నిమ్మరసము మన యిండ్లలో నున్నవే. మంత్రాలయమున ఏప్రిలు ఎండలో నీరు త్రాగక కూర్చున్న బాలుని సోమరి యనుట యన్యాయము.

ఆదివారము ఆ తండ్రి వచ్చునప్పటికి నేను బాలుని పిలిపించి, ఆఖరు బల్ల వద్ద నిలిపి, నల్లబల్లమీది పంక్తిని చదువుమంటిని. వాడు కన్నులు చికిలించి మౌనముగా నుండెను. ఏడాదిగా నా యెదుటనే కూర్చున్న బాలునికి దూరపు అక్షరములు కనబడవని నాకు ఆ దినమువరకు తెలియదు. “అన్నా, మిషను సంగతి తరువాత, మొదట కంటివైద్యునికి చూపుము” అంటిని. ఆదోనిలో పరీక్ష చేయించి కండ్లద్దములు కొనిరి. తక్కిన పత్తి సొమ్ము విత్తనములకు మిగిలినది.

ఇప్పుడా బాలుడు ప్రతి సాయంకాలము పుస్తకము మూసి, తల్లి యెదుట కూర్చుండి పాఠము చెప్పుచున్నాడట. ఆమెకు అక్షరములు రావు. కాని వాడు తడబడినచోటు ఆమెకు తెలిసిపోవును. “మళ్లా చెప్పు నాయనా, నాకు అర్థం కాలే” అనునట.