మోటారు దగ్గర లెక్క మారుతుంది

అల్లుడూ,

ఐటీఐ పాసై మిర్యాలగూడ రైసుమిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరావని మీ అమ్మ కోదాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. జర్మనీలో బడిపంతులుగా పనిచేసిన ఓమ్ 1827లో అచ్చువేసిన సూత్రం నీకు నోటికొచ్చు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు. ఆ రెండింటినీ గుణిస్తే వాట్లన్నదీ నీకు తెలుసు. ఆ లెక్క ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తెలిసినవాడే పనిమంతుడు. ఈ ఉత్తరం అందుకే.

తేలికైనది ముందు చూద్దాం. ఇంట్లో నీళ్లు కాచే హీటర్ రాడ్ మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంటుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే 4.35 ఆంపియర్లు. 230ని దానితో భాగిస్తే దాదాపు 53 ఓములు. యాసంగిలో ఊరి మోటార్లన్నీ ఒక్కసారే నడిచి వోల్టేజీ 180కి పడిపోయిందనుకో. రాడ్ ఓములు దాదాపు అంతే ఉంటాయి కాబట్టి ఆంపియర్లు 3.4కి తగ్గుతాయి, వాట్లు 610 దగ్గరికి దిగుతాయి. వోల్టేజీ ఐదోవంతు పైచిలుకు తగ్గితే వేడి దాదాపు నలభై శాతం తగ్గింది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, రాడ్‌కేమీ కాదు.

అదే 5 హెచ్‌పీ బోరు మోటారైతే కథ వేరు. నీళ్లు ఎత్తే బరువు అంతే ఉంటుంది. వోల్టేజీ తగ్గిన కొద్దీ మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. 10 లాగేది 13 లాగితే, వైండింగ్‌లో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1.69 రెట్లవుతుంది. వార్నిష్ మాడేది అక్కడే. రైతుకు కరెంటు ఉచితమే కానీ, రీవైండింగ్ ఖర్చు, ఎండిన మడి ఆయన నెత్తినే పడతాయి.

ఇంకో మాట. ఆపిన మోటారు వైండింగ్‌కు మీటర్ పెడితే 3 ఓములు చూపిందనుకో. 415ని 3తో భాగిస్తే 138 ఆంపియర్లు వస్తాయి. నడిచే మోటారు అంత లాగదు, పది లోపే లాగుతుంది. తిరిగే మోటారు లోపల ఎదురు వోల్టేజీ పుడుతుంది, పైగా అది కాయిల్ కూడా. స్టార్ట్ చేసిన క్షణంలో ఆ ఎదురు వోల్టేజీ ఉండదు కనుకనే ఆరేడు రెట్లు లాగుతుంది. అందువల్ల మోటారు పవర్‌ను ఓములతో కట్టకు. మూడు ఫేజుల మోటారుకు వోల్టులు, ఆంపియర్లు, 1.732, పవర్ ఫ్యాక్టర్ నాలుగూ గుణించు. 415 వోల్టులు, 9.5 ఆంపియర్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్ అయితే సుమారు 5,460 వాట్లు. అందులో షాఫ్టు మీదికి వచ్చేది 5 హెచ్‌పీ, అంటే 3,730 వాట్లే, మిగతాది వేడి, రాపిడి కింద పోతుంది. 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే లైన్ ఆంపియర్లు 9.5 నుంచి దాదాపు 8.1కి దిగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగల్లో వృథా పావువంతు పైన తగ్గుతుంది. రైతులు దీన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ.

ఆంపియర్లు తగ్గితే వృథా తగ్గుతుందన్న ఈ మాట పెద్ద లైన్లకూ వర్తిస్తుంది. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది కదా, ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. ఆ పవర్‌ను 400 కేవీ మీద పంపితే సుమారు 1,150 ఆంపియర్లు చాలు. 415 వోల్టుల మీదే పంపాలంటే 11 లక్షల ఆంపియర్లు కావాలి, అంత తీగ ఎక్కడా దొరకదు.

మిల్లులో మాత్రం నీకు ఎక్కువ పని పెట్టేది లూజు కనెక్షనే. స్టార్టర్ డబ్బా తెరిచి చూడు. లగ్గు నల్లబడి, వైరు తొడుగు వెనక్కి ముడుచుకుని ఉంటుంది. ఆ జాయింటులో అర ఓము నిరోధం ఉండి 10 ఆంపియర్లు పోతే అక్కడే 50 వాట్ల వేడి, అంటే సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. తవుడు దుమ్ము పేరుకున్న చోట అది మంటకు దారి. లగ్గు కోసి కొత్తది క్రింప్ చేయి, టేపు చుట్టి వదిలేయకు.

ఓములు చూసేటప్పుడు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకుని, కెపాసిటర్ డిశ్చార్జ్ చేశాకే మీటర్ పెట్టు. లైన్ ఉండగా ఓమ్స్ మీద పెడితే మీటరే కాదు, చేయి కూడా పోతుంది.

ఈ నెలలోనే ప్రతి మోటారుకూ మూడు ఫేజుల వోల్టులు, ఆంపియర్లు లోడ్ మీద ఉండగా టాంగ్ టెస్టర్‌తో చూసి నోటుబుక్కులో రాసిపెట్టు. రేపు ఒక ఫేజు మిగతా రెంటి నుంచి తప్పినా, అంకె పెరిగినా ఆ బుక్కే చెబుతుంది. అప్పుడు ఓనరు ఎంత తొందరపెట్టినా మోటారు ఆపించి చూడు.

నీ మామ