కళాశాల పాలనలో చివరి ఆయకట్టు

పాలనలో భాగస్వామ్యం అనగానే చాలామందికి ఎన్నికలు, జెండాలు, గోడల మీద రాతలు గుర్తుకొస్తాయి. నా దృష్టిలో దాని అర్థం ఇంతే: ఒక నిర్ణయం ఎవరిమీద పడుతుందో, వాళ్ళ మాట ముందుగా వినడం. ఈ విషయంలో కళాశాలలు సాగునీటి సంఘాల నుంచి నేర్చుకోవలసింది ఉంది.

మాది కృష్ణపట్నం వైపు సేద్యం. పెన్నా డెల్టాకు చివర, ఉప్పుటేరు దగ్గరి పొలాలు. ఆనకట్ట దగ్గర ఎన్ని నీళ్ళు వదిలారో కాగితం చెబుతుంది. చివరి మడి తడిసిందా లేదా అన్నది మాత్రం ఆ మడి రైతే చెప్పాలి. అందుకే 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి యాజమాన్యంలో రైతులకు భాగం కల్పిస్తూ చట్టం చేసింది. ఆయకట్టును భాగాలు చేసి, ఒక్కొక్క భాగం నుంచి ఒక సభ్యుణ్ణి ఎన్నుకోమన్నారు. పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. కాలువ మొదట్లోవాళ్ళతో పాటు చివరివాళ్ళకూ ఒక కుర్చీ దొరికింది. ఎన్నికలు సకాలంలో జరగని ఏళ్ళలో ఆ కుర్చీకి విలువ తగ్గిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిపారు.

కళాశాలల్లోనూ ఈ ఆలోచన కొత్తది కాదు. ప్రతి శాఖలో, ప్రతి కళాశాలలో అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి కూర్చునే సంఘాలుండాలనీ, వాటిపైన సంస్థాధిపతి అధ్యక్షతన ఒక కేంద్ర సంఘం ఉండాలనీ కొఠారీ కమిషన్ 1966లోనే సూచించింది. నేడు న్యాక్ నియమాల ప్రకారం అంతర్గత నాణ్యతా విభాగంలో విద్యార్థులకు, పూర్వ విద్యార్థులకు, స్థానికులకు చోటుంది.

చోటున్నా మాట చెల్లాలి గదా! ల్యాబు వేళ మార్చారనుకోండి. హాస్టలు విద్యార్థికి ఏ చిక్కూ లేదు. పల్లె నుంచి ఒకే ఒక బస్సులో వచ్చేవాడికి ప్రాక్టికల్ పోతుంది. ఆ సంగతి సమావేశంలో చెప్పేవాడెవరు?

నాకు తోచినవి మూడు. మొదటిది, ప్రతినిధిని పైనుంచి నియమించకుండా తరగతే ఎన్నుకోవాలి. ఏటా ఒక రెండో సంవత్సరం విద్యార్థిని, ఒక మూడో సంవత్సరం విద్యార్థిని పంపితే, ఒకరు వెళ్ళిపోయినా పని తెలిసినవాళ్ళు మిగులుతారు. రెండోది, చర్చించే అంశాలు వారం ముందే తెలుగులో కూడా నోటీసు బోర్డుమీద పెట్టాలి. మూడోది, అడిగిన ప్రతిదానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. గెస్ట్ లెక్చరర్లకూ ఇదే న్యాయం. పాఠాలు చెప్పేవారికి పాఠ్యప్రణాళిక గురించి మాట్లాడే వీలుండొద్దా?

దీనికి హద్దులూ ఉన్నాయి. మార్కులు, ప్రశ్నపత్రాలు, నియామకాలు విద్యార్థుల ఓటుకు పెట్టవలసినవి కావు. వేళలు, గ్రంథాలయం, హాస్టలు, ఫీజుల ఖర్చు మాత్రం అందరి సంగతి.

మన వంతు కూడా ఒకటుంది. కాలువ పూడిక తీసేరోజు కనబడనివాడు నీళ్ళ వంతు రోజున గొంతు చించుకుంటే ఊళ్ళో ఎవరూ వినరు. సమావేశాలకు రావాలి, లెక్కలు చదవాలి, విన్నది వచ్చి తరగతికి చెప్పాలి. పూర్వ విద్యార్థులు పాత తీర్మానాలను గుర్తుచేస్తుండాలి. అప్పుడే చివరి బెంచీదాకా నీళ్ళు పారతాయి.