పాలలో నీళ్ళు : గడ్డకట్టే చల్లదనం చెప్పే సాక్ష్యం



కుల్ఫీ అమ్మే మనిషి మంచు ముక్కల మీద దోసెడు రాళ్ళ ఉప్పు చల్లడం మీరందరూ చూసే ఉంటారు. ఎందుకు చల్లుతాడు? వట్టి మంచు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ చల్లదనం తీపి పాలు గట్టిపడటానికి చాలదు. ఉప్పు కలిసిన నీరు గడ్డకట్టాలంటే సున్నా కంటే దిగువకు పోవాలి. కావున ఉప్పు తగిలిన మంచు చుట్టూ ఉన్న వేడిని లాక్కుని కరుగుతూ ఇంకా చల్లబడుతుంది. ఉప్పు తగినంత ఉంటే సున్నాకు సుమారు 21 డిగ్రీల దిగువ వరకు పోగలదు. ఈ సంగతికీ, మనం సంఘంలో పోసే పాలకూ దగ్గర సంబంధం ఉన్నది.

నియమము

నీటి అణువులు ఒక క్రమంలో అమరితే మంచు అవుతుంది. నీటిలో కరిగిన పదార్థం ఆ అమరికలో ఇమడదు, అడ్డు వస్తుంది. అందువల్ల నీరు మరింత చల్లబడితే గాని గడ్డకట్టదు. కరిగిన ఉప్పు ఎంత పెరిగితే గడ్డకట్టే స్థానం అంత దిగుతుందని ఇంగ్లండులో బ్లాగ్డెన్ 1788లో చూపాడు. పదార్థం ఏదన్నది కాదు, ఎన్ని కణాలు కరిగాయన్నదే ముఖ్యమని ఫ్రాన్సు దేశపు రౌల్ట్ 1880ల్లో తేల్చాడు. ఉప్పు నీటిలో రెండు ముక్కలుగా విడిపోతుంది గనుక దాని ప్రభావం దాదాపు రెట్టింపు.

పాల విషయము

పాలలో కరిగి ఉన్నవి ముఖ్యంగా పాల చక్కెర, లవణాలు. వెన్న చిన్న బొట్లుగా తేలుతుందే గాని కరగదు. కావున వెన్న ఎక్కువైనా తక్కువైనా పాలు గడ్డకట్టే స్థానం మారదు. అది సామాన్యంగా సున్నాకు 0.52 నుండి 0.55 డిగ్రీల దిగువన ఉంటుంది. పొదుగు రక్తం నుండి పాలను తయారుచేసేటప్పుడు రెండింటిలో కరిగిన కణాల మోతాదు సమానంగా ఉంటుంది. పొదుగువాపు వచ్చిన పశువుకు పాల చక్కెర తగ్గితే లవణాలు పెరిగి ఆ లోటు పూడుస్తాయి. ఆ పాలు ఉప్పగా ఉండేది అందుకే.

నీళ్ళు కలిపితే ఈ లెక్క తప్పుతుంది. మంచి పాలు 0.54 దగ్గర గడ్డకడతాయనుకోండి. నూటికి పది వంతులు నీరున్న పాలు సుమారు 0.486 దగ్గరే గడ్డకడతాయి. ఇంత చిన్న తేడాను కొలిచే క్రయోస్కోపు పద్ధతిని పాల పరీక్షకు అమెరికా రసాయన శాస్త్రవేత్త హార్ట్‌వెట్ 1921లో స్థిరపరచాడు.

ఒక అనుభవము

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంఘంలో ఒక పెద్దమ్మ పాలకు లాక్టోమీటరు తక్కువ చూపింది. కార్యదర్శి రిజిష్టరులో "నీళ్ళు" అని వ్రాశాడు. క్రింద నేను సంతకం చేశాను. "నాయనా, గేదె పొదుగు నుండి తిన్నగా తెచ్చాను. మళ్ళీ చూడండి" అన్నదామె. నమూనాను మంచులో ఉంచి డెయిరీ ప్రయోగశాలకు పంపాము. ఉప్పు లేని మంచులో పాలు చల్లగా ఉంటాయి గాని గడ్డకట్టవు. ఫలితం 0.54. నీళ్ళు లేవు! పాలు అప్పుడే పిండినవి, వేడిగా ఉన్నవి, పైగా వెన్న బాగా ఎక్కువ. ఈ మూడూ లాక్టోమీటరు అంకెను తగ్గిస్తాయి. ఆమె డబ్బు ఇచ్చాము, రిజిష్టరు దిద్దాము. నలుగురిలో పోయిన మాటను మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాము.

దీనికి తిరుగుడు కూడా ఉన్నది. వెన్న తీసి నీళ్ళు కలిపితే లాక్టోమీటరు సరైన అంకెనే చూపవచ్చు. క్రయోస్కోపు ఆ మోసానికి లొంగదు.

ఈ పరీక్షకూ హద్దులున్నవి

చక్కెర, ఉప్పు, యూరియా వంటివి కలిపితే అవి కరిగి, నీళ్ళ జాడను కప్పిపుచ్చగలవు. వాటికి వేరే పరీక్షలు చేయవలెను. పాలు పులిస్తే పాల చక్కెర చిన్న అణువులుగా మారి కణాల సంఖ్య పెరుగుతుంది. అప్పుడు కూడా నీరు దాగిపోతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. వేడి పాలలో లాక్టోమీటరు ముంచరాదు. పాలు కొంతసేపు నిలిచి చల్లారిన తరువాత, ఉష్ణోగ్రత చూసి అంకె సవరించవలెను.
2. లాక్టోమీటరుతో పాటు వెన్న శాతం కూడా చూడవలెను.
3. అనుమానం వస్తే సభ్యుని ఎదుటనే నమూనా తీసి, సీలు వేసి, పులియక ముందే పంపవలెను.
4. నమూనా గడ్డకడితే పూర్తిగా కరిగించి బాగా కలిపిన తరువాతే పరీక్షించవలెను. గడ్డలో ఎక్కువ భాగం నీరే ఉంటుంది, చిక్కదనం మిగిలిన పాలలోకి చేరుతుంది.
5. ఫలితం రాకముందు ఎవరి పేరు ప్రక్కనా "నీళ్ళు" అని వ్రాయరాదు.

నీళ్ళు కలిపే సభ్యుడు తోటి సభ్యుల సొమ్ము తింటున్నాడు. కలపని వానిని దొంగ అంటే సంఘం తన నమ్మకాన్ని తానే పోగొట్టుకుంటుంది. రెండింటినీ ఆపడానికి సరైన కొలతే మార్గము.